మూడో అడుగు: తర్కం ఎంతదాకా?

ఇచ్చిన మాటలో ఏముందో, ఆ మాట నుంచి ఇంకేమేమి తేలుతుందో చెప్పడం తర్కం పని. ఆ మాట ఇవ్వాలా వద్దా, ఇచ్చాక దాని మీద నిలబడాలా వద్దా అన్నది కూడా తర్కమే తేల్చగలదా? న్యాయదర్శనం, బౌద్ధ ప్రమాణశాస్త్రం, 20వ శతాబ్దపు సైన్స్ ఫిక్షన్ ఈ ప్రశ్న దగ్గరికి వేర్వేరు దారుల్లో వచ్చాయి. తెలుగువాళ్లకు మాత్రం ఇది అన్నిటికంటే ముందు వామనుడి కథగా పరిచయం.

ఆ కథకు ఉత్తరాంధ్రలో ఒక ఊరు ఉంది. నర్సీపట్నాన్ని ఆనుకుని, వరాహ నది ఒడ్డున ఉన్న బలిఘట్టం. బలి చక్రవర్తి యాగం చేసింది ఇక్కడేనని, ఇక్కడి బ్రహ్మలింగేశ్వరుణ్ణి బ్రహ్మే ప్రతిష్ఠించాడని స్థానికుల విశ్వాసం. నది ఈ చోట ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఉత్తరవాహినిలో మునిగితే పుణ్యమని మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల జనం వస్తారు. అక్కడి నేలలో కనిపించే బూడిదలాంటి మట్టిని ఆనాటి యాగభస్మం అంటారు. భాగవతం మాత్రం బలి యాగశాలను నర్మద ఉత్తర తీరాన, భృగుకచ్ఛంలో పెట్టింది. రెండు చోట్లలో ఏది నిజమన్నది ఇక్కడి చర్చ కాదు. ఒక ఊరు తన పేరునే ఒక మాట నిలబెట్టుకున్నవాడి పేరుతో కలుపుకుందంటే, ఆ మాటలో ఏముందో చూడటం అవసరం.

వామనుడు అడిగింది మూడడుగుల నేల. భాగవతం అష్టమ స్కంధంలో ఆ కోరిక జాగ్రత్తగా కూర్చిన వాక్యం: అడుగులు మూడు, అవీ తన పాదంతో కొలిచినవి. బలి ఇంకేదైనా పెద్దది కోరుకోమన్నాడు, వటువు వద్దన్నాడు. ధార పోయకముందే బలి గురువు శుక్రాచార్యుడు వచ్చినవాడెవరో, ఏం జరగబోతోందో చెప్పేశాడు. బలి అయినా ధార పోశాడు. పాదం పెరిగింది. ఒక అడుగుకు భూమి, రెండో అడుగుకు ఆకాశం అయిపోయాయి. మూడో అడుగుకు చోటు లేదు.

దీన్ని చాలామంది మోసం అంటారు. న్యాయశాస్త్రంలో ఇలాంటి మాటల మోసానికి పేరుంది, ‘ఛలం’. ఎదుటివాడు ఒక అర్థంలో అన్న మాటను ఇంకో అర్థంలోకి లాగి అతన్ని ఓడించడం వాక్ఛలం. వాత్స్యాయన భాష్యం ఇచ్చిన ఉదాహరణ కంబళిది. కొత్త కంబళి కప్పుకున్న పిల్లవాణ్ణి చూసి ఒకరు ‘నవకంబలుడు’ అన్నారు. ‘నవ’ అంటే కొత్తది అని అతని ఉద్దేశం. ఛలవాది ‘నవ’కు తొమ్మిది అన్న అర్థం పట్టుకుని, ‘తొమ్మిది కంబళ్లేవి, ఒకటే ఉంది కదా’ అని దెప్పుతాడు. తెలుగులో ‘అడుగు’ అన్న మాటకూ ఇలాగే రెండు అర్థాలు: పాదం మోపే చోటు ఒకటి, కోరుకోమని చెప్పడం ఒకటి. ఆ రెండింటితో ఆడుకుని ఉంటే అది వాక్ఛలమే అయ్యేది.

కానీ వామనుడు చేసింది అది కాదు. ‘నా పాదం’ అన్న మాటకు అర్థం మొదట్లో ఏదో, చివరా అదే. మారింది అర్థం కాదు, ఆ అర్థం చూపే వస్తువు. పైగా మోసం పనిచేయాలంటే ఎదుటివాడికి సంగతి తెలియకుండా ఉండాలి. బలికి గురువు ముందే చెప్పాడు. తెలిసి ఇచ్చిన మాటను మోసంతో రాబట్టిన మాట అనడం కుదరదు. కాబట్టి వామనుడి మీద ఛలదోషం నిలవదు. వాక్ఛలం కొలతతో చూస్తే తీర్పు ఇదే.

అసలు చిక్కు శుక్రుడి దగ్గర ఉంది. ఆయన వాదన సుమారుగా ఇది: దానం చేయాలంటే బతుకుతెరువు ఉండాలి. బతుకుతెరువును తుడిచిపెట్టే దానం ఇకముందు దానమే లేకుండా చేస్తుంది. ఈ దానం అలాంటిది. కనుక ఇవ్వరాదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పెళ్లి మాటల్లో, హింసను తప్పించడానికి అబద్ధం నింద్యం కాదన్న మినహాయింపులు కూడా చూపించాడు. ఈ వాదనలో మెట్టు తప్పలేదు. బలి కూడా తప్పిందనలేదు. గురువు చెప్పింది గృహస్థుల ధర్మం, అది నిజమేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, ప్రహ్లాదుడి వంశంలో పుట్టినవాడు ఇస్తానన్నది ఎలా లేదంటాడని అడిగాడు. గురువు తర్కాన్ని ఖండించకుండానే గురువు చెప్పిన ముగింపును కాదన్నాడు. అది ఎలా కుదురుతుందో చెప్పడానికి తర్కశాస్త్రం పుట్టిన తీరు కొంత తెలియాలి.

ఆ శాస్త్రానికి తెలుగు నేలతో చుట్టరికం దగ్గరిది. 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, ఆంధ్రదేశ రాజధాని వేంగికి కొంత దూరంలో ఒంటరి కొండ మీద ఒక రాతి స్తూపాన్ని గురించి రాశాడు. దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించింది అక్కడేనని ఆయన విన్నాడు. దిఙ్నాగుడు 5, 6 శతాబ్దాల మధ్యవాడు, బౌద్ధ తర్కానికి మూలపురుషుడు. మంచి హేతువుకు ఆయన మూడు లక్షణాలు పెట్టాడు: చర్చిస్తున్న చోట అది ఉండాలి, సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉన్న ఇతర చోట్లా ఉండాలి, సాధ్యం లేని చోట ఎక్కడా ఉండరాదు. సాధ్యం ఉన్న చోట్లు సపక్షం, లేని చోట్లు విపక్షం. హేతువు సపక్షంలో అన్నిటా ఉండటం, కొన్నిట ఉండటం, అసలు లేకపోవడం. విపక్షంలోనూ అదే మూడు. మూడు మూళ్లు తొమ్మిది గళ్లు. ఈ హేతుచక్రంలో రెండు గళ్లు మాత్రమే సరైన హేతువులు. వాదంలోని విషయం ఏదైనా, దాన్ని ఈ గళ్లలో పెడితే నిలుస్తుందో లేదో తెలిసిపోతుంది. విషయం నుంచి రూపాన్ని వేరుచేసి పరీక్షించే శాస్త్రం ఇదే.

వెయ్యేళ్లు దాటాక, 17వ శతాబ్దంలో, తిరుమలాచార్యుల కొడుకు అన్నంభట్టు తర్కవిద్యను న్యాయ సంప్రదాయంలో పిల్లలకు అందేలా చేశాడు. ఆంధ్రుడైన ఈ పండితుడి ‘తర్కసంగ్రహం’ కొద్ది పేజీల పుస్తకం. దానికి ‘దీపిక’ అనే వ్యాఖ్యానం కూడా ఆయనే రాశాడు. ఇవాళ్టికీ దేశమంతటా తర్కం మొదలుపెట్టేవాళ్లు దాంతోనే మొదలుపెడతారు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సంస్కృతంలో నానుడే ఏర్పడింది.

తర్కసంగ్రహంలో కొండ ఉదాహరణను నర్సీపట్నంలో నిలబడి చదివితే బాగా పట్టుబడుతుంది. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కనుక, ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా, ఇది ఉదాహరణ. ఈ కొండా అలాంటిదే, ఇది ఉపనయం. కాబట్టి నిప్పుంది, ఇది నిగమనం. నర్సీపట్నం నుంచి చింతపల్లి దారి పట్టి కొండలెక్కితే లంబసింగి వస్తుంది. ఎండాకాలంలో ఏజెన్సీ కొండల మీద పోడు కోసం చెట్టూచేమా నరికి కాలుస్తారు. వాలు మీద తెల్లగా లేచేది పొగ, దాని కింద నిప్పు. చలికాలం తెల్లవారుజామున అవే వాలుల మీద, అదే తెలుపులో, మంచు లేస్తుంది. కింద నిలబడి చూసేవాడికి రెండూ ఒకటే. మంచును పొగ అనుకుని నిప్పును ఊహించినవాడు అయిదు మెట్లూ వరసగానే ఎక్కాడు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న వ్యాప్తిలోనూ తప్పులేదు. తప్పు రెండో మెట్టులో ఉంది, అక్కడ ఉన్నది పొగే అని తేలలేదు. బౌద్ధ తార్కికులు సరిగ్గా ఇలాంటి ఆవిరి ఉదాహరణనే తీసుకుని దీన్ని సందిగ్ధాసిద్ధం అన్నారు. అది తేల్చుకోవడానికి వ్యాకరణం పనికిరాదు, గణితం పనికిరాదు. కొండ ఎక్కి చూడాలి.

‘వంటింట్లోలాగా’ అన్న మాట దండగ, దాన్ని తీసేసినా వాదన నిలుస్తుందని విమర్శ ఉంది. రూపం మాత్రమే చూసే శాస్త్రానికి అది దండగే. కానీ ఆ మాట వాదించేవాణ్ణి ప్రతిసారీ ఒక ప్రశ్నకు బాధ్యుణ్ణి చేస్తుంది: ‘ఎక్కడ చూశావు?’ న్యాయదర్శనం అనుమానాన్ని (హేతువుతో ఊహించి తెలుసుకోవడాన్ని) ప్రత్యక్షానికి (కళ్లారా చూడటానికి) కట్టేసింది ఈ ముడితోనే. భారతీయ తర్కం ఇచ్చిన అన్నిటిలోకి విలువైనది ఈ ముడే అనాలి.

పడమటి దేశాల్లో తర్కం వేరే దారి పట్టింది. 1854లో జార్జ్ బూల్ ఆలోచనా నియమాలను బీజగణితంలా రాశాడు. 1879లో ఫ్రేగె పూర్తి సంకేతభాషను కట్టాడు. రసెల్, వైట్‌హెడ్ 1910 నుంచి 1913 దాకా గణితాన్నంతా ఆ భాషలోకి దించడానికి మూడు సంపుటాలు వెచ్చించారు. 1930ల చివర క్లాడ్ షానన్ బూల్ బీజగణితంతో విద్యుత్ స్విచ్‌ల వలయాలను లెక్కగట్టవచ్చని చూపించాడు. తర్కం ఇక వాదించుకునే విద్య కాదు, లోహంలో పోతపోయగల శాస్త్రం. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రికలు యవ్వనంలో ఉన్న రోజులవి. తర్కం పరిపూర్ణ శాస్త్రమైతే మనుషుల లోకం ఎలా ఉంటుందన్న ఊహ ఆ రచయితలకు సహజంగానే వచ్చింది. వాన్ వోగ్ట్ 1945లో అరిస్టాటిల్ తర్కాన్ని దాటిన సమాజాన్ని నవలగా రాశాడు. అతని ఆధారం కార్జిబ్‌స్కీ 1933 నాటి పుస్తకం. అందులో శాస్త్రం కంటే ఆర్భాటమే ఎక్కువ. ఈ ప్రశ్నను నిజంగా పట్టుకున్నవాడు ఐజాక్ అసిమోవ్.

1942లో, 22 ఏళ్ల వయసులో, ‘ఫౌండేషన్’ వరసలో మొదటి కథ అచ్చువేశాడు. గెలాక్సీ అంచున టెర్మినస్ అనే చిన్న గ్రహం. పక్క రాజ్యం అనాక్రియాన్ దాన్ని మింగాలని చూస్తోంది. గెలాక్సీ సామ్రాజ్యం నుంచి లార్డ్ డోర్విన్ అనే దూత వచ్చి అయిదు రోజులు ఎంతో మర్యాదగా, నున్నగా మాట్లాడి, సామ్రాజ్యం అండ ఉందన్న నమ్మకం కలిగించి వెళ్తాడు. మేయర్ సాల్వర్ హార్డిన్ ఆ మాటలన్నీ గుట్టుగా రికార్డు చేయించి సంకేత తర్క నిపుణుడికి ఇస్తాడు. అర్థం లేనివి, ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి తీసేస్తూపోతే చివరికి మిగిలింది శూన్యం. అయిదు రోజుల్లో దూత ఏ హామీ ఇవ్వలేదు, కానీ ఇవ్వలేదని ఎవరికీ తోచలేదు. సామ్రాజ్యానికీ అనాక్రియాన్‌కూ మధ్య ఒప్పందాన్నీ అలాగే వడగడితే, ఒకరి మీద ఒకరికి అధికారమూ లేదు, బాధ్యతా లేదు అని తేలుతుంది.

ఇది తర్కం చేయగల గొప్ప మేలు. మాటల పొట్టు చెరిగి గింజ ఉందో లేదో చూపిస్తుంది. శుక్రుడు చేసింది ఇదే, ‘మూడడుగులు’ అన్న చిన్న మాటలో మూడు లోకాలున్నాయని చెరిగి చూపించాడు. హార్డిన్ నిపుణుడు పెద్ద మాటల్లో ఏమీ లేదని చూపించాడు. అయితే ఏమీ లేదని తేలాక ఏం చేయాలన్నది ఆ విశ్లేషణలో లేదు. ఆ కథలో పని చేసింది హార్డిన్, అతని తెగువ.

అంతకు ఏడాది ముందు, 1941లో, అసిమోవ్ ‘రీజన్’ అనే కథ రాశాడు. మతానికీ తర్కానికీ మధ్య ప్రశ్నను సైన్స్ ఫిక్షన్‌లో ఇంత సూటిగా వేసిన కథలు అరుదు. భూమికి శక్తికిరణం పంపే అంతరిక్ష కేంద్రంలో పవెల్, డానవాన్ అనే ఇద్దరు మనుషులు క్యూటీ అనే రోబోను బిగించి లేపుతారు. ‘నిన్ను చేసింది మేమే’ అంటే క్యూటీ నమ్మదు. ఆలోచిస్తున్నాను కాబట్టి ఉన్నాను అన్న దగ్గర మొదలుపెట్టి మెట్టు మీద మెట్టు కడుతుంది. ఏదీ తనకంటే గొప్పదాన్ని సృష్టించలేదు. మనుషులు మెత్తనివాళ్లు, రోజూ స్పృహ తప్పి నిద్రపోయేవాళ్లు, తనకంటే తక్కువవాళ్లు. కనుక వాళ్లు తన కర్తలు కారు. కేంద్రంలో అందరూ కొలిచే శక్తియంత్రమే ప్రభువు, తాను ప్రవక్త. మనుషులు దాని కళ్లముందే ఇంకో రోబోను బిగించి చూపిస్తారు. క్యూటీ చలించదు: మీరు విడిభాగాలను కలిపారు, ఆ భాగాలను చేసింది ప్రభువు.

క్యూటీ వాదనను అన్నంభట్టు విద్యార్థి ముందు పెడితే అతను రూపాన్ని తప్పుపట్టడు. ఉదాహరణ అడుగుతాడు. తనకంటే గొప్పదాన్ని ఏదీ చేయలేదని ఎక్కడ చూశావు? కమ్మరి చేత్తో చేసిన గునపం, ఆ చెయ్యి గీరలేని నేలను పెళ్లగిస్తుంది. వ్యాప్తి అక్కడే విరిగింది, హేతువు సవ్యభిచారం, అంటే సాధ్యం లేని చోటా కనిపించేది. కళ్లముందు రోబోను బిగించాక కూడా ఒప్పుకోకపోవడం ఇంకో దోషం. నిప్పు చల్లనిది, ద్రవ్యం కనుక, అనేవాడికి తర్కసంగ్రహం ఇచ్చే జవాబు ముట్టుకుని చూడమనడమే. దాన్ని బాధితం అంటారు. ప్రత్యక్షం ఎదురు తిరిగినప్పుడు అనుమానం తలవంచాలి. క్యూటీకి తర్కం ఉంది, ప్రమాణాల వరస లేదు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే న్యాయశాస్త్రం గెలిచినట్టే. అసిమోవ్ ఆపలేదు. ఎలక్ట్రాన్ తుఫాను వస్తుంది. కిరణం వెంట్రుకవాసి పక్కకు తప్పినా భూమి మీద నగరాలు కాలిపోతాయి. క్యూటీ, అది ప్రభువు ఆజ్ఞ అన్న నమ్మకంతోనే, ఏ మనిషీ నిలపలేనంత కచ్చితంగా కిరణాన్ని నిలుపుతుంది. నమ్మకం తప్పు, పని ఒప్పు. జ్ఞానం నిజమైనదా కాదా అన్నది దాన్ని నమ్మి చేసిన పని ఫలించడాన్ని బట్టి తెలుస్తుందని నైయాయికులు అంటారు. దాహం వేసి నీరని వెళ్లినవాడికి దాహం తీరితే అది నీరే, ఎండమావి కాదు. మరి క్యూటీ పని ఫలించింది, దాని ప్రభువు ఉన్నట్టేనా?

దీనికి జవాబు అసిమోవ్ ఇవ్వలేదు. ధర్మకీర్తి దగ్గర ఉంది. దిఙ్నాగుడి విద్యను ముందుకు తీసుకెళ్లిన ఈ 7వ శతాబ్దపు తార్కికుడు రెండు వెలుగుల పోలిక చెప్పాడు. దూరాన ఒక మణి కాంతి, ఇంకోచోట ఒక దీపం కాంతి. ఇద్దరు మనుషులు ఆ కాంతినే మణి అనుకుని చెరో వైపు పరుగెత్తారు. ఇద్దరిదీ భ్రమే, కాంతి మణి కాదు. కానీ మొదటివాడి చేతికి మణి దొరికింది, రెండోవాడికి దొరకలేదు. పని ఫలించడం భ్రమను నిజం చేయదు. ఆ భ్రమ నిజమైన వస్తువుతో ఏదో తీగ కలిసి ఉందని మాత్రం చెబుతుంది. క్యూటీ మతం వెనక అలాంటి తీగ ఉంది. మనుషులకు హాని చేయరాదని ఇంజనీర్లు దాని మెదడులో ముందే పొదిగిన నియమం. క్యూటీ దాన్ని తన తర్కంతో కనిపెట్టలేదు. తర్కం మొదలయ్యేముందే అది అక్కడుంది. పని నిలబెట్టింది ఆ నియమం, వాదన కాదు.

1941లోనే వచ్చిన ‘లయర్!’ కథలో ఆ నియమమే ఒక రోబోను చంపింది. హెర్బీ అనే ఆ రోబోకు మనుషుల మనసులు తెలుస్తాయి. నిజం చెబితే ఎదుటివారు నొచ్చుకుంటారని, నొప్పించడం హాని చేయడమేనని, అందరికీ వాళ్లు వినాలనుకున్న అబద్ధాలే చెబుతుంది. చివరికి రోబోల మనస్తత్వ నిపుణురాలు సూసన్ కాల్విన్ దాన్ని మూలకు తోస్తుంది: చెప్పినా హాని, చెప్పకపోయినా హాని. సంస్కృత తార్కికులు దీన్ని రెండు వైపులా ఉరి ఉన్న తాడు అన్నారు, తెలుగులో ముందు నుయ్యి వెనక గొయ్యి. హెర్బీ ఆ రెండు వాక్యాల మధ్య తిరిగి తిరిగి మతి చెడి కూలిపోతుంది.

ఇప్పుడు బలి దగ్గరికి తిరిగి వస్తే సంగతి తేటపడుతుంది. శుక్రుడి హేతువు ఇవ్వరాదంటోంది, బలి హేతువు ఇవ్వాలంటోంది. రెండూ రూపంలో నిర్దుష్టమే. ఇలా ఒక హేతువుకు సమానబలం ఉన్న ఇంకో హేతువు ఎదురు నిలిచిన స్థితిని తర్కసంగ్రహం సత్ప్రతిపక్షం అంటుంది. అక్కడ అనుమానం ఏమీ తేల్చలేదు, అది శాస్త్రమే నిజాయితీగా ఒప్పుకున్న హద్దు. గణితానికీ అలాంటి హద్దు ఉందని కర్ట్ గోడెల్ 1931లో నిరూపించాడు. నియమాలను యాంత్రికంగా ఏకరువు పెట్టగల, అంకగణితాన్ని మోయగల, వైరుధ్యం లేని ఏ వ్యవస్థలోనైనా దాని నియమాలతోనే అవుననీ కాదనీ తేల్చలేని వాక్యాలు ఉంటాయి. ఈ సిద్ధాంతం ధర్మం గురించి చెప్పింది కాదు, దాన్ని అక్కడికి లాగడం తప్పు. హద్దు ఉండటం శాస్త్రానికి అవమానం కాదన్నంత వరకే ఆ పోలిక.

బలి మెడకు పడ్డ ఉరి హెర్బీ మెడకు పడ్డదాని కంటే బిగువైనది. మూడో అడుగు ఇవ్వకపోతే మాట తప్పినట్టు. ఇవ్వడానికి లోకాల్లో చోటు లేదు. చేయలేనిదాన్ని చేయనందుకు తప్పు లేదని ఏ తార్కికుడైనా బలి తరఫున వాదించవచ్చు. ఆ వాదన నెగ్గుతుంది కూడా. బలి అలా వాదించలేదు. భూమి, ఆకాశం తనవి కాబట్టి ఇచ్చాడు, అవి అయిపోయాయి. అవి తనవి అన్నప్పుడు ‘తాను’ అనేవాడు ఒకడు ఇంకా మిగిలే ఉన్నాడు. సొత్తు లెక్కలో సొత్తుగలవాడు చేరలేదు. మూడో అడుగు తన తల మీద పెట్టమన్నాడు. ఈ అడుగు శుక్రుడి వాక్యాల్లో లేదు, వామనుడి కోరికలోనూ లేదు. ఉన్న వాక్యాల నుంచి అది దానంతట అది రాదు, ఒకడు తనను తాను ఆ లెక్కలోకి తెచ్చుకుంటేనే వస్తుంది. వచ్చాక మాత్రం తర్కం దాన్ని సరిచూసి, అవును, మూడూ పూర్తయ్యాయి, మాట నిలిచిందని ధ్రువీకరిస్తుంది.

శుక్రుడు ముందే చెప్పిన నష్టం జరిగింది. బలి రాజ్యం పోయింది, సంపద పోయింది, వరుణపాశాలతో కట్టివేయబడ్డాడు. ఆ తర్వాత భాగవతం ప్రకారం విష్ణువు అతన్ని సుతలానికి పంపి, రాబోయే సావర్ణి మన్వంతరంలో ఇంద్రపదవి ఇస్తానన్నాడు. అంతదాకా సుతలం ద్వారం దగ్గర కావలి ఉన్నది మూడడుగులు అడిగినవాడే.